కరీంనగర్ వెండి ఫిలిగ్రీ: పుష్కర కాలం వాడిన తరువాత

మా ఇంట్లో కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వస్తువులు, అంటే సన్నని వెండి తీగను చుట్టి అతికి చేసినవి, మూడు ఉన్నాయి. ఒకటి తాంబూలానికి వాడే గుండ్రని పళ్ళెం, రెండోది మూత ఉన్న కుంకుమ భరిణె, మూడోది పన్నీరు బుడ్డి. మూడింటినీ కరీంనగర్‌లోనే, చేసినవారి దగ్గరే కొన్నాము. పళ్ళెం, పన్నీరు బుడ్డి పెళ్ళిళ్ళకు, శ్రావణమాసం పేరంటాలకు, పెద్దవారు ఇంటికి వచ్చినప్పుడు బయటకు వస్తాయి; భరిణె మాత్రం రోజూ పూజ గదిలోనే ఉంటుంది. పుష్కర కాలం దాటిన ఈ వాడకంలో నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. వెండి తూకం చూసుకుని కొనేవారికి ఫిలిగ్రీ గిట్టుబాటు కాదు. పనితనం చూసి కొనేవారికి మాత్రం అది పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు తృప్తినిస్తుంది. దీనిని బరువైన వెండి కంచంతో పోల్చి, ‘ఇంత డబ్బుకు ఇంతే వెండా’ అని నిట్టూర్చేవారిని చాలామందిని చూశాను. అటువంటివారు కంచమే కొనుక్కోవడం మంచిది.

ఆ ధర ఎందుకో తెలియాలంటే పని ఎలా జరుగుతుందో చూడాలి. వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానిని మూసలో కరిగించి కడ్డీగా పోసి, సుత్తితో సాగగొట్టి, కమ్మచ్చులో ఒకదానికంటే ఒకటి సన్నగా ఉన్న రంధ్రాల గుండా వరుసగా లాగుతూ తీగ తీస్తారు. లాగేకొద్దీ తీగ గట్టిపడి తెగిపోయే స్థితికి వస్తుంది కనుక, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచుకోవాలి. బాగా సన్నబడిన రెండు తీగలను కలిపి పురిపెట్టి, ఆ పురిని అదిమి చదును చేస్తే, అంచు పొడవునా సన్నని గాట్లు పెట్టినట్టు కనబడే పట్టీ వస్తుంది. ఫిలిగ్రీ మీద వెలుగు ఒకే చోట తళుక్కుమనకుండా అంతటా చెదిరినట్టు కనబడటానికి కారణం ఈ పురి గాట్లే. ఇక మామిడి పిందె, నెమలి, ఆకు, లత వంటి ఆకారాల చుట్టుగీతను కొంచెం మందపాటి తీగతో కట్టి, లోపలి ఖాళీని పురి తీగ చుట్టలతో నింపుతారు. ఈ నింపడమంతా శ్రావణం అనే చిన్న చిమటా మొనతో, వేళ్ళ ఒడుపుతో జరగవలసిందే. ఆ తరువాత వెలిగారం, అతుకు లోహమైన టంకం పొడి చల్లి ఊదుగొట్టంతో మంట తగిలిస్తారు. టంకం కరగాలి, వెంట్రుకంత తీగ కరగకూడదు. ఆ రెండింటి మధ్య ఉన్న వ్యవధి రెప్పపాటు మాత్రమే. మంట ఒక్క క్షణం ఎక్కువ తగిలితే తీగ కరిగి చిన్న గుండుగా ముడుచుకుపోతుంది, అక్కడికి ఆ ముక్క పనికిరాదు.

మా పళ్ళెం అంచున ఉన్న మామిడి పిందెల్లో ఒకదానిని భూతద్దంతో చూస్తే ఈ నేర్పు అర్థమవుతుంది. పిందె కొస దగ్గర చోటు ఇరుకవుతున్నకొద్దీ చుట్టలు చిన్నవవుతూ వచ్చి, చివరి మలుపులో ఒకే ఒక్క వంపుగా మిగులుతాయి. ఒక చుట్ట పక్కచుట్టను తాకిన చోట మాత్రమే గసగసంత టంకం కనబడుతుంది, తక్కిన తీగ అంతా శుభ్రంగా ఉంటుంది. అదే పళ్ళెంలో అడుగున, కంటికి కనబడని వైపు, ఒకటి రెండు చోట్ల టంకం పారి పురి గాట్లను కప్పేసింది. చేతిపని అన్నాక అంతమాత్రం ఉంటుంది, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. అచ్చులో పోతపోసి ఫిలిగ్రీ పేరుతో అమ్మే వస్తువులలో మాత్రం ఈ గాట్లు మొద్దుబారి, ప్రతి పిందె పక్కదానికి నకలులా ఉంటుంది. అసలును నకిలీ నుంచి వేరుచేయడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే తేలిక మార్గం లేదు.

వెండి స్వచ్ఛత గురించి ఒక మాట చెప్పాలి. కంచాలకు, చెంచాలకు రాగి కలిపిన 925 రకం వెండి మేలు. అందులో వెయ్యి పాళ్ళకు 925 పాళ్ళు వెండి ఉంటుంది, రాగి వల్ల గట్టిదనం వస్తుంది. తీగ పనికి అది ఇబ్బందే. రాగి కలిసిన తీగ త్వరగా బిరుసెక్కుతుంది, పైగా పదేపదే మంటలో పెట్టినప్పుడు రాగి నల్లబారుతుంది. అందుకే ఫిలిగ్రీకి దాదాపు మేలిమి వెండినే వాడతారు. అయితే అతుకులకు వాడే టంకం తక్కువ వేడికే కరగాలి కాబట్టి అందులో ఇతర లోహాలు ఉంటాయి. వేల అతుకులు ఉన్న వస్తువును మొత్తంగా కరిగించి చూస్తే, తీగలో ఉన్నంత స్వచ్ఛత రాదు. ఇది మోసం కాదు, పని స్వభావం. ఈ సంగతి తెలియక, మార్పిడికి తీసుకువెళ్ళి కోత పెట్టారని బాధపడేవారు ఉంటారు. అసలు ఫిలిగ్రీని మార్పిడికి తీసుకువెళ్ళడమే అనవసరం. తూకం వేసేవాడికి తీగ తీసినవాడి కష్టంతో సంబంధం ఉండదు.

ఈ పనికి పుట్టినిల్లుగా చెప్పుకొనేది ఒకప్పటి జిల్లా కేంద్రమైన ఎలగందుల. మానేరు ఒడ్డున కోట ఉన్న ఆ ఊరి నుంచి అవుసుల (కంసాలి) కుటుంబాలు తరువాతి కాలంలో కరీంనగర్‌కు చేరుకున్నాయి. నిజాం పాలనలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు, పన్నీరు బుడ్లు లేని నవాబు ఇల్లు ఉండేది కాదు. ఆ మర్యాదల చుట్టూనే ఈ పని పెరిగింది. హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో, 1937లో జరిగిన చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాలకు వచ్చిన కానుకలు ఉన్నాయి. వాటిలోని వెండి వస్తువులను ఒకసారి తీరికగా చూస్తే, ఆ కాలం వెండిని ఎంత మక్కువతో చూసిందో తెలుస్తుంది. సంస్థానం పోయాక కొనేవారు తగ్గారు, పాన్‌దాన్ అవసరమే తగ్గిపోయింది. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇదే కోవకు చెందిన తీగ పని అయిన ఒడిశాలోని కటక్ తారకసికి ఆ గుర్తింపు 2024లో గానీ రాలేదు. 2023లో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సు కోసం కరీంనగర్ కళాకారులు అశోక చక్రం ఆకారంలో ఫిలిగ్రీ బ్యాడ్జీలు చేసి ఇచ్చారు. పేరు రావడం సంతోషమే కానీ, బ్యాడ్జీలు, జ్ఞాపికలు, ఫోటో చట్రాలు మాత్రమే చేస్తూ పోతే పెద్ద వస్తువులు కూర్చే నేర్పు తరువాతి తరానికి అందుతుందా అన్నది నాకున్న సందేహం.

ఇక వాడకంలో ఒక్కొక్కటి ఎలా నిలబడిందో చెబుతాను. మూడింటిలోనూ పళ్ళెం ఉత్తమం. ఆకులు, వక్కలు, పసుపు కొమ్ములు, పండ్లు మోయగలిగింది, ఇన్నేళ్ళలో అడుగు కుంగలేదు. కారణం దాని అడుగున అడ్డంగా వేసిన మందపాటి వెండి పట్టీలు. కొనేటప్పుడు వాటి కోసమే తడిమి చూడాలి. అంచున ఒక ఆకు కొస మాత్రం చుట్టుగీత నుంచి కొద్దిగా లేచింది, పట్టుచీర కొంగు తగిలితే పోగు పట్టుకుంటుంది. భరిణె అందంగా ఉంటుంది గానీ రోజువారీ వాడకానికి నేను దానిని సిఫారసు చేయను. లోపల సాదా వెండి గిన్నె ఉన్నా, వేళ్ళకు అంటిన కుంకుమ మూత మీది తీగల సందుల్లోకి చేరి తడి తగిలినప్పుడల్లా గట్టిపడుతుంది. ఇక పన్నీరు బుడ్డి. జాలీ పనిలో నీరు నిలవదు కనుక లోపల సాదా వెండి రేకు బుడ్డి పెట్టి, పైన ఫిలిగ్రీ తొడుగు తొడిగి అతికారు. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోకి ఏ కుంచె వెళ్ళదు. పదేళ్ళ నలుపు అక్కడ అలాగే ఉంది, ఇక ఉంటుంది. ఆ నలుపు వల్ల తీగ పని మరింత స్పష్టంగా కనబడుతోందని వచ్చినవారు మెచ్చుకుంటారు, నేను కాదనను.

వెండి నల్లబడటాన్ని తుప్పు అనుకోవడం సరికాదు. గాలిలో స్వల్పంగా ఉండే గంధకపు వాయువులతో వెండి కలిసి పైన వెండి సల్ఫైడు పొరగా ఏర్పడుతుంది. మొదట లేత పసుపుగా, తరువాత గోధుమ రంగులోకి, చివరికి నలుపులోకి తిరుగుతుంది. కోడిగుడ్డు, ఉల్లి, రబ్బరు, ఉన్ని బట్ట దగ్గరగా ఉంటే ఈ మార్పు త్వరగా జరుగుతుంది. ఒకే బరువున్న గ్లాసుకంటే ఫిలిగ్రీ వస్తువు ముందుగా నల్లబడినట్టు అనిపించడానికి కారణం, సన్నని తీగలుగా మారిన వెండికి గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు ఎక్కువ కావడమే. రుద్ది తోమే పద్ధతి ఏదైనా ఆ నలుపుతో పాటు కొంత వెండిని కూడా తీసేస్తుంది. దళసరి కంచానికి అది లెక్కలోకి రాదు. పురి గాట్లే ప్రాణమైన తీగకు మాత్రం అది నిజమైన నష్టం. అందుకే పళ్ళపొడి, టూత్‌పేస్టు, విభూతి, ముగ్గుపిండి, పీచు, ఇవేవీ ఫిలిగ్రీ దరిదాపులకు రాకూడదు. చింతపండు, ఉప్పు కలిపి తోమే అలవాటు ఇత్తడికి చెల్లుతుంది, దీనికి చెల్లదు. ఉప్పు సందుల్లో మిగిలితే వెండికి హాని చేస్తుంది.

అవుసులవారు తరతరాలుగా వాడుతున్న కుంకుడు రసమే మామూలు శుభ్రతకు చాలు. కుంకుళ్ళను గింజ తీసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసికి వడగట్టిన రసంలో వస్తువును కాసేపు ఉంచి, పసిపిల్లల పళ్ళకు వాడేంత మెత్తని కుంచెతో తీగ వెంట పైపైన తుడవాలి. తీగకు అడ్డంగా కుంచె నడిపితే లేచిన కొసలు ఇంకా లేస్తాయి. నలుపు బాగా పట్టినప్పుడు నేను అల్యూమినియం రేకు పద్ధతిని వాడుతున్నాను. గిన్నెలో రేకు పరిచి, వస్తువును దానికి తగిలేలా ఉంచి, వంట సోడా కలిపిన మరిగిన నీరు పోస్తే, గంధకం వెండిని వదిలి అల్యూమినియం వైపు వెళుతుంది. నలుపు రూపంలో ఉన్న వెండి తిరిగి వెండిగానే వస్తువు మీద నిలుస్తుంది. కోడిగుడ్డు వాసన వస్తే పని జరుగుతున్నట్టు లెక్క. రుద్దే అవసరం లేదు కనుక తీగ పనికి ఇంతకంటే అనువైన పద్ధతి నాకు కనబడలేదు. ఈ పద్ధతిలో మెరుపు కాస్త తగ్గి వస్తువు పాలతెలుపుగా మారుతుంది. ఫిలిగ్రీకి సహజమైన రంగు అదే కాబట్టి ఇబ్బంది లేదు. రాళ్ళు పొదిగినవాటికి, మీనా (రంగుల గాజు పూత) పని ఉన్నవాటికి, లక్క నింపినవాటికి, కావాలని నలుపు పట్టించిన వస్తువులకు మాత్రం దీనిని వాడకూడదు. ఏ పద్ధతిలో కడిగినా అసలు శ్రమ ఆరబెట్టడంలో ఉంది. పైకి పొడిగా కనబడినా చుట్టల మధ్య నీరు నిలిచి ఉంటుంది. చల్లగాలి వచ్చే హెయిర్ డ్రయ్యర్ పట్టి, తరువాత నూలుగుడ్డ మీద ఒక రాత్రి వదిలేస్తాను.

దాచడానికి ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరబడని సంచిలో సిలికా జెల్ పొట్లంతో పెడితే చాలు. వార్తాపత్రికల కాగితం, రబ్బరు బ్యాండు, ఉన్ని శాలువా మూడూ పనికిరావు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. కంచాలకు మన ఇళ్ళలో ఉన్న ఆ అలవాటు ఫిలిగ్రీని సొట్టలు పెట్టేస్తుంది.

మరమ్మతు దగ్గరే నాకు చేదు అనుభవం ఎదురైంది. పన్నీరు బుడ్డి అడుగు పీఠం ఒక మూల ఊడితే, దగ్గరలోని ఒక వెండి దుకాణంలో ఇచ్చాము. వారు వెండి టంకానికి బదులు సీసం, తగరం కలిసిన మెత్తని టంకంతో అతికి ఇచ్చారు. అతుకు బూడిద రంగులో కనబడటమే కాదు, దానివల్ల అసలు చిక్కు తరువాత వచ్చింది. అటువంటి టంకం ఉన్న చోట మళ్ళీ ఎక్కువ మంట తగిలితే సీసం, తగరం వెండిని తినేస్తాయి. కరీంనగర్‌కు తీసుకువెళితే, చేసినవారే ఆ టంకాన్ని గీకి తీయడానికి అతుకు వేయడం కంటే ఎక్కువ సమయం పట్టింది. ఫిలిగ్రీ మరమ్మతు చేసినవారితోనే చేయించాలి. దూరమైతే అటువైపు ప్రయాణం పడేదాకా అలాగే ఉంచడం నయం.

కొనదలచినవారు చూడవలసింది అతుకులు. వస్తువును చెవి దగ్గర పెట్టి మెల్లగా కదిపితే గలగల వినబడకూడదు; వేలి చివరతో అంచు తడిమితే ఎక్కడా గుచ్చుకోకూడదు. వెండికి హాల్‌మార్కు ఇప్పటికీ ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ ముద్రకు ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కూడా తోడైంది. జాలీ పని మీద ముద్ర వేయడానికి చోటు తక్కువ, చట్రం మీదో అడుగు పట్టీ మీదో వెతకాలి. రసీదులో వెండి బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోవడం మరువకూడదు. జర్మన్ సిల్వర్ అన్నది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. దాని మీద తీగ పనిలా కనబడే అచ్చు చూసి మోసపోయేవారు తక్కువేమీ కాదు. మొదటిసారి కొనేవారికి నా సలహా పళ్ళెం, అదీ అడుగున పట్టీలు ఉన్నది. స్తోమత ఉంటే రెండోది పాన్‌దాన్. ఆకు వేసుకునేవారు ఇంట్లో లేకపోయినా యాలకులకు, లవంగాలకు పనికొస్తుంది, లోపలి గిన్నెలు విడిగా బయటకు వచ్చే రకం అయితే కడగడమూ తేలిక. ఈసారి కరీంనగర్ వెళ్ళినప్పుడు నేను చెప్పి చేయించుకోబోయేది అదే. భరిణె మాత్రం మరొకటి కొనను.