పాత ఊరి గుడికి ఏది మేలు: డంగు సున్నమా, సిమెంటా, కొత్త కట్టడమా?

పాత గుడి బాగుచేద్దామని ఊరంతా ఒక మాట మీదికి వచ్చాక అసలు పేచీ మేస్త్రీ దగ్గర మొదలవుతుంది. "ఇప్పుడు సున్నం ఎవరు కలుపుతారు బాబూ, సిమెంటు పూసేద్దాం" అంటాడు. "అదీ నిలవదు, పడగొట్టి స్లాబు వేసి కొత్తది కడదాం" అంటారు పెద్దల్లో కొందరు. చందాలు ఇచ్చేవాళ్ళూ కొత్త గోపురం అంటేనే జేబులో చెయ్యి పెడతారు. నీటి కాలువ తవ్వుతామంటే రూపాయి రాలదు. మూడు దారుల్లో ఏది మంచిదో తేలాలంటే ఒక్కటే అడగాలి: గోడలోకి దిగిన తడి మళ్ళీ బయటికి ఎలా వస్తుంది?

ముందు గుడి దేనితో కట్టారో చూడాలి

విశాఖ చుట్టుపక్కల, అంటే పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు, పాత గుళ్ళు ఎక్కువగా రెండు రకాలు. కొన్ని పూర్తిగా రాతివి. కొన్నింటికి కింద రాతి అధిష్ఠానం, అంటే పీఠం, పైన ఇటుక, సున్నంతో కట్టిన శిఖరం. ఇక్కడి కొండలు ఎక్కువగా ఖొండలైటు అనే రాయి. సింహాచలం కొండ అదే, కోణార్క్ గుడి కట్టిందీ ఆ రకం రాయితోనే. ఈ రాతిలో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వానకూ ఎండకూ నాని తెల్లమట్టిగా మారుతుంది. అప్పుడు రాయి గోటికే పొడిగా రాలుతుంది. అలాంటి రాతి మీద నూనె జిడ్డు, మసి పోవాలని యాసిడ్ పోసినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా, ఇసుకను మిషన్‌తో కొట్టించినా శిల్పం ముక్కూ మూతీ పోతాయి. నీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్షు, ఓపిక చాలు. ఎనామిల్ రంగు మాత్రం వద్దే వద్దు.

సిమెంటు ఎందుకు మోసం చేస్తుంది

మొదటి రెండు మూడేళ్ళు సిమెంటు పూత చూడముచ్చటగా ఉంటుంది. మేస్త్రీకి తెలిసిన పని, వారంలో అయిపోతుంది. కానీ పాత ఇటుక మెత్తన, సిమెంటు బిరుసు. ఎండకు రెండూ ఒకేలా వ్యాకోచించవు, పూత మీద వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. తుపాను గాలికి వాన అడ్డంగా కొడితే నీరు ఆ పగుళ్ళలోంచి లోపలికి వెళ్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన గోడలకు ఎలా కొట్టిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. లోపలికెళ్ళిన తడికి బయటికి దారి ఉండదు. ఇటుకలోని ఉప్పు కరిగి, ఆరినప్పుడల్లా పూత వెనకే గడ్డకట్టి, ఇటుకను పొడి చేస్తుంది. వేళ్ళతో కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. ఒకరోజు పూత పలకలా ఊడి పడుతుంది, దాంతోపాటు పాత ఇటుక ముఖం కూడా వస్తుంది.

ఇదివరకే సిమెంటు పూసి ఉంటే ఊడగొట్టే మిషన్లు పెట్టకండి. డొల్లగా ఉన్నచోట చిన్న ఉలితో తీయాలి. రాతికి గట్టిగా పట్టుకున్న చోట వదిలేయడమే మంచిది, లాగితే రాయి పోతుంది.

గర్భగుడిలో టైల్సు వేయడం కూడా ఇలాంటి తప్పే. నేల మూసేస్తే భూమిలోని చెమ్మ గోడల్లోంచి పైకెక్కుతుంది. నేల ఎత్తు పెరిగి, అభిషేకం నీరు సోమసూత్రం (బయటికి పోయే తూము) వైపు వెళ్ళడం మానేసి లోపలే నిలుస్తుంది.

డంగు సున్నం: కష్టం ఎక్కువ, లెక్క కూడా ఎక్కువ

ఇటుక శిఖరానికైనా, రాళ్ళ మధ్య దర్జులకైనా (సందులకైనా) మేము చెప్పేది డంగు సున్నమే, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నమే. సున్నపు గార తడిని పీల్చుకుని ఆరనిస్తుంది. పగిలితే గార పగులుతుంది కానీ ఇటుక పగలదు. ఊడినా ఊడిన మేరకే మళ్ళీ పూసుకోవచ్చు.

సున్నం ఎంపికలోనే సగం పని అయిపోతుంది. కాల్చిన సున్నపు గడ్డ తేవాలి, గాలి తగిలి పొడి అయిపోయినది పనికిరాదు. నీళ్ళలో వేస్తే గడ్డ బుసబుసలాడి పొగలు కక్కాలి. ఆ వేడికి నీరు మరిగి కళ్ళలో చిందుతుంది, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ గుంట దగ్గరికి రానివ్వకండి. చల్లారాక సన్నటి జల్లెడ పట్టి, గుంటలో నీటి కిందే కనీసం నెల నాననివ్వాలి, మూడు నెలలైతే మరీ మంచిది. తొందరపడితే నానని రవ్వలు గోడెక్కాక నీరు తగిలి ఉబ్బుతాయి, గార మీద పొక్కులు లేస్తాయి.

గారకు ఒక పాలు సున్నపు ముద్ద, మూడు పాళ్ళు ఏటి ఇసుక. తడి ఎక్కువ తగిలే చోట ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్ళు ఇసుక. సముద్రపు ఇసుక దగ్గర్లో దొరుకుతుందని తెస్తే ఉప్పును చేతులారా గోడలో పెట్టినట్టే. గానుగ ఉంటే మంచిదే, లేకపోతే మోర్టారు మిల్లులో ముద్ద జిగట పట్టేదాకా తిప్పాలి.

గోడను ముందురోజే తడపాలి. పూత ఒక్కోటి 10 నుంచి 12 మిల్లీమీటర్లు దాటకూడదు, అంతకంటే మందమైతే పగులుతుంది. పూశాక తడి గోనెసంచులు కప్పి, ఎండ తగలకుండా రెండు వారాలు కాపాడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. ఎండకు గబగబా ఆరితే చెయ్యి పెడితే చాలు పొడిపొడిగా రాలుతుంది. ఎక్కువచోట్ల పని చెడేది ఇక్కడే, తిట్లు మాత్రం సున్నానికి పడతాయి.

మండపం పైకప్పు మీద వేసే సున్నపు కాంక్రీటు 10 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని చెక్క దిమ్మిసలతో వారం రోజులు కొట్టాలి, దిమ్మిస ఎగిరి వెనక్కి రావాలి. కొట్టేటప్పుడు చల్లే నీళ్ళకు 60 లీటర్లకు 3 కిలోల బెల్లం, కిలోన్నర మారేడు కాయలు. వాలు 40 అడుగులకు ఒక అడుగు చొప్పున ఇస్తే మన వానలకు సరిపోతుంది.

గోడల్లో పాత ఇనుప పట్టీలు ఉంటే తుప్పు ఉబ్బి రాయిని చీలుస్తుంది. వాటి స్థానంలో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. సముద్రగాలికి 304 రకం చాలదు.

పడగొట్టి కొత్తది కడితే

పునాది కుంగి గోడలు వాలిన రాతిగుడిని కూల్చడం వేరు, విప్పడం వేరు. ప్రతి రాయికీ నంబరు వేసి, ఫోటో తీసి, పటం గీసి, విప్పి, పునాది సరిచేసి మళ్ళీ పేర్చవచ్చు. ఖర్చూ కాలమూ ఎక్కువే, స్థపతి (గుడి కట్టే శిల్పి) ఉండి తీరాలి. కానీ గుడి గుడిగానే మిగులుతుంది.

కాంక్రీటు గుడి కట్టాల్సిన సందర్భాలు లేకపోలేదు. మట్టిగోడలు కరిగిపోయి ఏమీ మిగలని చోట, కాలనీలో కొత్తగా అమ్మవారిని నిలబెట్టే చోట అది సబబే. అయితే కోస్తా గాలి తగిలే కాంక్రీటును ఐఎస్ 456 ప్రమాణం తీవ్ర వాతావరణంలోనే లెక్కేస్తుంది: కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు, చువ్వలను కప్పుతూ 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. ఊళ్ళో మామూలుగా 20 మిల్లీమీటర్ల కవరుతో సరిపెట్టేస్తారు. ఉప్పు చువ్వలకు చేరి, తుప్పు ఉబ్బి, స్లాబు పెచ్చులుగా రాలుతుంది. నిలవదని పడగొట్టిన గుడి వందల ఏళ్ళు నిలిచింది, దాని స్థానంలో కట్టినది మనవళ్ళ కాలానికే చువ్వలు బయటపెడుతుంది.

పని ముట్టుకునే ముందు

గుడి దేవాదాయ శాఖ 43 రిజిస్టరులో, అంటే చట్టం 43వ సెక్షను కింద గుళ్ళను నమోదు చేసే పుస్తకంలో, ఉందేమో చూడాలి. ఉంటే శాఖ అనుమతి, స్థపతి ఆమోదం కావాలి. గుళ్ళ పనులకు శాఖ డబ్బిచ్చే సర్వశ్రేయో నిధి కోసం అడిగే దారి కూడా అదే. పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే ఊరివాళ్ళు గోడ మీద చెయ్యే వేయకూడదు. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు, అంటే 300 మీటర్ల దాకా, అనుమతితోనే.

అర్చకులతో మాట్లాడి బాలాలయం (పని అయ్యేదాకా దేవుణ్ణి ఉంచే తాత్కాలిక గుడి) ముహూర్తం పెట్టించాకే పరంజా కట్టాలి. స్వామివారిని బాలాలయంలోకి తేకుండా శిఖరం మీద ఉలి పెట్టకూడదు. పని అయ్యాక అష్టబంధనం (విగ్రహాన్ని పీఠానికి అతికించడం), సంప్రోక్షణ (గుడిని శుద్ధి చేసే పూజ). డబ్బు లెక్కలో వీటిని మొదటే రాసుకోండి, చివర్లో గుర్తొస్తే గారకు కోత పడుతుంది.

సున్నం పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువు. అంతకుముందే, వానాకాలంలో నీరు ఎక్కడ నిలుస్తుందో చూసి పెట్టుకోవాలి. చాలా ఊళ్ళలో సిమెంటు రోడ్డు పొర మీద పొర వేసి గుడిని గుంతలో పడేశారు. ప్రాకారం చుట్టూ మట్టి తీసి, పాత నేలమట్టం బయటపెట్టి, గోడకు ఎడంగా కాలువ తీస్తే సగం చెమ్మ అక్కడే ఆగుతుంది.

ఇక శిఖరం మీద మొలిచే రావి మొక్క. వేలంత ఉండగా పీకితే వేరుతో వస్తుంది. మణికట్టంత అయ్యాక పీకితే శిఖరమే విరిగి వస్తుంది. అలాంటిదాన్ని మొదలు దగ్గర కోసి, మోడుకు రంధ్రాలు చేసి, కలుపుమందు పోసి చంపాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని 2022లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళకే పరిమితం చేశారు కాబట్టి వాళ్ళతోనే పోయించండి. వేరు పూర్తిగా ఎండాక, అందినంత తీసి, ఆ ఖాళీలో పల్చటి సున్నపు గారను కింది రంధ్రం నుంచి పైకి నింపుకుంటూ రావాలి. రావిని కొట్టడానికి ఊరు వెనకాడితే తప్పుపట్టకండి. అదే రావి నుంచి వచ్చిన ఒక మొలకను తీసి చెరువుగట్టు మీద నాటి, పూజ చేయించాక ఎవరూ అడ్డుచెప్పరు.