మునగాల ప్రయాణం: తాతకు తామ్రపత్రం, మరి నాయనమ్మకు?

సూర్యాపేటలో రాత్రి ఉండాల్సి వస్తే ముందు గది చూడండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. మేం దిగిన లాడ్జివాళ్లు ఫోన్‌లో 1,100 అన్నారు. రాత్రి పదింటికి సంచులతో వెళ్తే, "ఏసీ గదులే ఉన్నాయి సార్, 1,700" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. ఆ ఏసీ తెల్లవార్లూ మోగిందే గానీ గది చల్లబడలేదు. గీజర్ పనిచేయదు, బకెట్ వేడినీళ్లకు 60 అదనం. దుప్పటి మీద కూర మరకలు చూసి, డెబ్బై దాటిన మా మేనత్త రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది. పొద్దున ఆ కోపమంతా నా మీద చూపించింది.

మునగాల దాకా బస్సులో ఇబ్బంది లేదు, అత్తకు జీరో టికెట్. అక్కడి నుంచి ఊరికి ఆటోవాడు 400 అడిగితే 250కి ఒప్పించాను.

అత్త వచ్చింది వాళ్ల నాన్న తామ్రపత్రం చూడటానికి. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో సమరయోధులకు గౌరవంగా సర్కారు ఇచ్చింది. పెద్దమ్మ ఎర్రగుడ్డ మూట విప్పింది. చింతపండుతో తోమిన రాగిరేకు, హిందీ అక్షరాలు, ఇందిరాగాంధీ పేరు. అత్త దాన్ని వేళ్లతో తడిమి, "మరి మా అమ్మకేదిరా?" అంది.

అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. పొలిమేర దాటితే నిజాం పోలీసులకు అధికారం లేదు. రజాకార్లు ఎక్కడ దిగారు, ఎంతమంది ఉన్నారు అన్న చిట్టీలను నాయనమ్మ జొన్నపిండి గంపలో దాచి ఆ పొలిమేర దాటించేది. తాత జైలుకెళ్లాడు కాబట్టి కాగితం ఉంది. సమరయోధుల పింఛనుకు ఆరు నెలల జైలు, ఆడవాళ్లకైతే మూడు నెలలు చూపాలి. అజ్ఞాతంలో ఉన్నామన్నా రుజువు కాగితం కావాలి. నాయనమ్మ ఒక్కసారీ దొరకలేదు. దొరకని కొరియర్‌కు రికార్డెక్కడిది? పని అంత బాగా చేసినందుకే గుర్తింపు లేకుండా పోవడం పచ్చి అన్యాయం. 1965, 1971 యుద్ధాల్లో సైన్యానికి దారి, జాడ చూపిన గుజరాత్ పల్లెటూరి మనిషి రణ్‌ఛోడ్‌దాస్ పగీకి పతకాలిచ్చారు, సరిహద్దు చౌకీకి ఆయన పేరు పెట్టారు. యూనిఫాం లేనివాళ్లనూ గౌరవించవచ్చని సర్కారుకు తెలుసు కదా.

పెద్దమ్మ పెట్టిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తిన్నాక అత్త మనసు కుదుటపడింది. కలెక్టర్‌కు అర్జీ పెడదామంటోంది. పింఛను వద్దట, పేరు రాసిచ్చినా చాలట. అర్జీ నేనే రాస్తున్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చిట్టీలు మోసిన ఆడవాళ్ల పేర్లు తెలిస్తే చెప్పండి, అవీ చేరుస్తాను.