కార్బన్ సంచులు: సాక్సు వాసనకు సరే, గాలికి కాదు

తార్నాకలో మా ఇంటి చిన్న గదిలో పదిమంది పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. ఏసీ వేసి తలుపులు మూస్తే అరగంటకే అందరికీ ఆవులింతలు. "గదిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది" అన్న ప్రకటన చూసి, కొబ్బరి చిప్పల యాక్టివేటెడ్ కార్బన్ (సన్నని రంధ్రాలు ఎక్కువగా ఉండేలా తయారుచేసిన బొగ్గు) సంచులు నాలుగు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కోటి 200 గ్రాములు.

కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టి చూశా. సంచులు లేని రోజు గంట తర్వాత 2100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 2100), పెట్టిన రోజు 2080. అంతే!

సరుకు నాసిరకమని కాదు. మంచి యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాములో దాదాపు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. నానోమీటరు కన్నా సన్నని రంధ్రాల్లో కార్బన్ డయాక్సైడ్ అణువులు అతుక్కుంటాయి. కానీ ఆ పట్టు బలహీనం. ఫ్యాక్టరీ పొగలోలా వాయువు గాఢంగా ఉంటేనే చెప్పుకోదగ్గంత పట్టుకుంటుంది. మనిషి ఒక్కడే రోజుకు సుమారు కిలో వదులుతాడు, ఈ 800 గ్రాములు ఏం చేస్తాయి పాపం? కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, కొనకముందే లెక్క వేసుకోవాల్సింది.

చెప్పుల స్టాండులో పెడితే మాత్రం సాక్సుల కంపు పోయింది. అందుకే రెండు స్టార్లు. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి, "కిటికీ కూడా తెరిచి పెట్టండి సార్" అంది. తెరిచా. 700కి దిగింది.