వచనానికీ వివరణకూ మధ్య గీత: ఒక స్టడీ బైబిలుపై సమీక్ష

మూడు నెలలుగా ప్రతి ఉదయం చదువుతున్న ఈ స్టడీ బైబిలును నేను పటాల కోసమో పదసూచిక కోసమో తీసుకోలేదు. లేఖనాల దైవప్రేరణ, అధికారం గురించి చివర చేర్చిన సుదీర్ఘ వ్యాసం కోసం, ఆ వ్యాసం చెప్పినదానికి వచనాల అడుగున ఉన్న వివరణలు ఎంతవరకు కట్టుబడి ఉన్నాయో చూడడం కోసం తీసుకున్నాను. ప్రచురణకర్తల పేరు ఇక్కడ అవసరం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం ఈ తరహా వేరే ప్రతుల్లోనూ చూశాను.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. రెండవ తిమోతి 3:16లో మన పాత అనువాదం "దైవావేశము వలన కలిగిన ప్రతి లేఖనము" అంటుంది. ఆవేశం అనగానే ఒళ్లు తెలియకుండా పూనకంలో పలికే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. గ్రీకులోని 'థియోప్న్యూస్టోస్' అనే మాటకు దేవుడు ఊదినది, దేవుని ఊపిరి నుంచి వెలువడినది అని అర్థమనీ, కొత్త నిబంధనలో ఒక్కసారే కనిపించే ఆ మాట రాసినవాడి మానసిక స్థితిని కాక రాతనే వర్ణిస్తోందనీ వివరణ తేటగా చూపుతుంది. రెండవ పేతురు 1:21 దగ్గర వివరణ ఇంకా బాగుంది. అక్కడ "ప్రేరేపింపబడినవారై" అని అనువదించిన క్రియనే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తుఫానుగాలికి కొట్టుకుపోతున్న ఓడ విషయంలో వాడింది. గాలి తోస్తున్నా ఆ ఓడలోని మనుషులు చేతులు ముడుచుకోలేదు, ఓడ చుట్టూ తాళ్లు బిగిస్తూనే ఉన్నారు. దేవుడు పలికించాడనడానికీ, మనుషులు తమ బుద్ధితో, తమ శైలిలో రాశారనడానికీ వైరుధ్యం లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి పోలిక నాకు ఎక్కడా దొరకలేదు.

ఈ మానవ పార్శ్వాన్ని వివరణకర్తలు దాచిపెట్టలేదు. అన్నిటినీ మొదటినుంచి తరచి తెలుసుకుని రాస్తున్నానని లూకా తన సువార్త ఆరంభంలో చెప్పుకోవడం, త్రోయలో కర్పు దగ్గర వదిలివచ్చిన అంగీని, చర్మపు కాగితాలను తెమ్మని పౌలు తిమోతిని అడగడం, యిర్మీయా ప్రవక్త చెప్పగా ఆయన లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను రాజు కోసి నిప్పులో వేస్తే మళ్లీ రాయడమే కాక మరెన్నో మాటలు చేర్చడం: వీటన్నిటి దగ్గరా ఆగి, రచయితలను చెప్పింది చెప్పినట్టు ఎత్తిరాసే లేఖకులుగా చూడలేమని ఓపికగా వివరించారు.

చిక్కంతా అధికారం దగ్గర వచ్చింది. 'క్రైస్తవుల విశ్వాసం' అంటూ వ్యాసం వివరించేది నిజానికి ఇవాంజెలికల్ ప్రొటెస్టంట్ నాయకులు, పండితులు కలిసి చేసిన 1978 నాటి షికాగో ప్రకటన వైఖరి మాత్రమే: మూల ప్రతుల్లో చరిత్ర, విజ్ఞాన విషయాలతో సహా ఏ తప్పూ లేదన్నది దాని సారాంశం. అది గౌరవించదగిన వైఖరే. కానీ విశ్వాసానికీ నడవడికీ సంబంధించినంతవరకు బైబిలు దారి తప్పించదని మాత్రమే చెప్పే ప్రొటెస్టంట్లు ఉన్నారు. 73 గ్రంథాల బైబిలు చదివే కతోలికులు లేఖనాన్నీ సంప్రదాయాన్నీ కలిపి చూస్తారు. దేవుడు మన రక్షణ కోసం లేఖనాల్లో ఉంచదలచిన సత్యాన్ని అవి తప్పు లేకుండా బోధిస్తాయని 1965లో కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. ఆర్థడాక్స్ సంఘాలూ లేఖనాన్ని సంఘ సంప్రదాయం లోపలే చదువుతాయి. వీరెవరి ప్రస్తావనా వ్యాసంలో లేదు. అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ 367లో రాసిన లేఖలో కొత్త నిబంధన 27 గ్రంథాల జాబితా ఇచ్చాడని అరవాక్యంలో చెప్పి దాటేశారు. ఆ గ్రంథాలకు అధికారాన్ని సంఘం ఇచ్చిందా, లేక వాటికి ముందే ఉన్న అధికారాన్ని గుర్తించిందా అన్న ప్రశ్న వేయడానికి అంతకంటే తగిన చోటు ఏముంటుంది?

ముద్రణలోనూ ఇదే గందరగోళం కనిపిస్తుంది. సంపాదకులు పెట్టిన ఉపశీర్షికలు వచనాల కంటే ముదురు అక్షరాల్లో, అదే వరుసలో ఉన్నాయి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దానిదనీ, కొత్త నిబంధన వచన సంఖ్యలు 1551లో వచ్చాయనీ ఒక్క మాటైనా చెప్పలేదు. మార్కు 16:9-20 అత్యంత ప్రాచీన ప్రతులు రెండింటిలో లేదన్న గమనిక ఉంది కానీ, అది పేజీ తిప్పితే గాని కనిపించదు. మా అధ్యయన బృందంలో ఒక సోదరుడు అడుగున ఉన్న వివరణను చదివి, "వాక్యం స్పష్టంగా చెబుతోంది" అన్నారు. ఆయనను తప్పుపట్టలేము, రెండింటి అక్షరాలకూ పెద్ద తేడా లేదు.

కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు కొంత కనిపిస్తాయి. బైండింగు మాత్రం గట్టిది, ఎక్కడ తెరిచినా పరుచుకుని నిలుస్తుంది. దైవప్రేరణ గురించి తెలుసుకోదలచినవారికి ఈ ప్రతిని సందేహం లేకుండా సూచిస్తాను, అధికారం గురించి మాత్రం వేరే సంప్రదాయాల రచనలు కూడా పక్కన పెట్టుకోవాలి. నేను ఇప్పుడు పేజీ అడుగుభాగాన్ని ఒక అట్టముక్కతో కప్పి, అధ్యాయమంతా చదివాకే దాన్ని తీస్తున్నాను.