గుంటూరు బ్రాడీపేట శనివారం బైబిలు తరగతి: వెళ్ళొచ్చా?

వెళ్ళండి. ఫీజు 300 రూపాయలు, జిరాక్సు నోట్సు అందులోనే. సాయంత్రం ఆరున్నరకి మొదలెట్టి ఎనిమిదికల్లా వదిలేస్తారు. పాత నిబంధనలో ఒకరి పాపానికి అందరూ ఎందుకు జవాబు చెప్పాలి అన్నది నాలుగు వారాల పాఠం. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చెప్తాను.

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. ఆకాను కథ సండే స్కూలు నుంచీ వింటున్నదే. దొంగతనం చెయ్యకూడదని చెప్పి ముగించేవాళ్ళు, అతని పిల్లల మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఈ మాస్టారు మొదటి శనివారమే ఆ మాట ఎత్తారు.

యెహోషువ గ్రంథం ఏడో అధ్యాయం ఒకమ్మాయి చేత పైకి చదివించారు. దేవుడు ముట్టుకోవద్దన్న యెరికో పట్నం సొమ్ములోంచి షీనారు వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మీ తీసి ఆకాను డేరాలో పాతిపెట్టుకున్నాడు. అది తెలియని మూడు వేల మంది ఇశ్రాయేలీయులు హాయి అనే ఊరి మీదకి వెళ్ళి వెన్నిచ్చి పారిపోయారు, 36 మంది చచ్చిపోయారు. "మొదటి వచనం ఇంకోసారి చదువమ్మా" అన్నారు మాస్టారు. ఆకాను పేరు రాకముందే ఇశ్రాయేలీయులు తిరుగుబాటు చేశారని ఉంది. తీసింది ఒక్కడు, పద్దు రాసింది అందరి పేరునా.

"లాటులో రెండు బస్తాలు తేమ కాయ పడితే మొత్తానికి రేటు పడదా?" అని నన్నే అడిగారు. పడుతుంది, రోజూ చూస్తూనే ఉంటాను. "కానీ బస్తాలకి పిల్లలుండరు కదండీ" అన్నాను. ఆయన దాటెయ్యలేదు. ఆకాను పాపం చేశాడు సరే, పిల్లలేం చేశారని యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్మూదులో సన్‌హెద్రిన్ భాగంలో కూడా అడిగారట. ఆకానుని రాళ్ళతో కొట్టి చంపిన ఆకోరు లోయకి ఇశ్రాయేలు అంతా వెళ్ళారు కదా, చూసి భయం తెచ్చుకోవటానికి. పిల్లల్ని తీసుకెళ్ళిందీ అందుకే అని అక్కడి జవాబు. ఇది చెప్పి, 25వ వచనంలో ఒక్కణ్ణి అని కాకుండా "వాళ్ళని" కాల్చారని ఉన్న సంగతి కూడా చూపించారు. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాశారు. మమ్మల్ని ఏదో ఒకవైపు లాగలేదు. ఆ ఒక్క పూటకే 300 రూపాయలు చెల్లిపోయాయి.

మోషే మీద తిరగబడి చచ్చిన కోరహు పాఠం, దావీదు రాజు జనాభా లెక్కపెడితే జనం తెగులుతో చచ్చిన పాఠం కూడా బాగున్నాయి. కోరహు కొడుకులు చావలేదని సంఖ్యాకాండం 26లో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక తగ్గించిన ఆ ఒక్కటి. ఆఖరి శనివారం ప్రకటనలకీ, చందాల మాటలకీ సగం పైగా పోయింది. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 18వ అధ్యాయానికి మిగిలింది అరగంట. నాకు కడుపు మండింది. మా వీధిలో ఒకావిడ కొడుక్కి ఫిట్స్. ప్రార్థనకని ఇంటికొచ్చినవాళ్ళు నిర్గమకాండం 20 తెరిచి, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదకి వస్తుందన్న మాట చదివి, ఇది మీ మామగారు చేసిన పాపమేనని చెప్పి పోయారు. అప్పట్నుంచీ ఆయన ఏం చేసుంటాడోనని కనపడ్డవాళ్ళనల్లా అడుగుతోంది. ఆవిడకి కావలసింది యెహెజ్కేలు 18వ అధ్యాయమే కదా! తండ్రులు పుల్లటి ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయి అని బబులోనులో బందీలుగా ఉన్న యూదులు సామెత చెప్పుకుంటుంటే, ఇక ఆ సామెత పలకొద్దని దేవుడే అన్నాడు. తండ్రి దోషం కొడుకు మొయ్యడని 20వ వచనంలో తేటగా ఉంది. తండ్రుల కోసం పిల్లల్ని చంపకూడదని ద్వితీయోపదేశకాండం 24లో చట్టమే ఉంది. యూదా దేశపు అమజ్యా రాజు తన తండ్రిని చంపినవాళ్ళ పిల్లల్ని వదిలేసింది దాన్ని బట్టే. ఇంతా అరగంటలోనా? యెహోవా పద్ధతి న్యాయం కాదని ఆనాడు విన్నవాళ్ళే ఎదురు చెప్పారు, ఆ వచనం అసలు తెరవనేలేదు.

మాస్టారి తప్పు కాదిది, టైము పంచినవాళ్ళది. తర్వాతి బ్యాచికి పేరు ఇచ్చేటప్పుడు యెహెజ్కేలుకి పూర్తి శనివారం కావాలని గట్టిగా అడగండి. నేను అడిగాను, మా వీధి ఆవిణ్ణి కూడా తీసుకొస్తానని చెప్పాను. హాలు మేడ మీద, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ముందే చెప్తే కింద వరండాలో స్పీకరు పెడతారు.