నడుస్తుండగానే చూడాల్సిన అంకె: వేలి ఆక్సీమీటరుతో మూడేళ్లు

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్లలో ఇప్పటికీ మందుల డబ్బాలో ఉంది. కాబట్టి అదేమిటో, ఎలా తొడగాలో, ఏది కొనాలో ఇక్కడ రాయను. ఊపిరితిత్తుల జబ్బుతో నడక వ్యాయామం మొదలుపెట్టి, మూడేళ్లుగా దాన్ని వేలికి పెట్టుకునే నడుస్తున్నాను. రాయాలనిపించింది ఒక్క సంగతి గురించే. తెర మీద ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆ అంకెను ఎప్పుడు చూడాలి?

ఎక్కువమంది చూసేది నడక అయిపోయాక. ఆయాసం వచ్చి ఆగుతారు, కుర్చీ వెతుక్కుని కూర్చుంటారు, జేబులోంచి మీటరు తీసి వేలికి పెడతారు. అంకె నిలబడటానికి ఇంకో పది పదిహేను సెకన్లు పడుతుంది. ఈలోగా నిమిషం గడిచిపోతుంది. నాలుగో నిమిషంలో 86కి పడిన ఆక్సిజన్, తెర మీద 93గా కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో 93 అని ఎక్కుతుంది. మర్నాడు 94, ఆ మర్నాడు మళ్లీ 93. నెల తర్వాత ఆ పుస్తకం పట్టుకెళితే డాక్టరుకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. నడకలో ఆక్సిజన్ అవసరమైన మనిషికి ఆ అవసరం ఉందని ఎవరికీ తెలియకుండా పోతుంది. మీటరుతో వచ్చే కాగితంలో గోళ్ల రంగు గురించి, సెల్స్ గురించి ఉంటుంది గానీ, నేను చూసిన ఏ కాగితంలోనూ ఈ ముక్క లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

అమెరికా, యూరప్ శ్వాసకోశ వైద్య సంఘాలు 2014లో ఆరు నిమిషాల నడక పరీక్షకు (ఆ సమయంలో ఎంత దూరం నడవగలరో ఆసుపత్రిలో చూసే పరీక్ష) ప్రమాణాలు తిరగరాసినప్పుడు, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూస్తే చాలదని, నడుస్తున్నంతసేపూ ఆక్సిజన్‌ను గమనిస్తూ ఉండాలని చేర్చాయి. అతి తక్కువ అంకె ఆరో నిమిషం చివర్లోనే రావాలని లేదు మరి. ఇంట్లో నడకకూ ఇదే వర్తిస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తులు గట్టిపడే ఐఎల్‌డీ జబ్బులో కూర్చున్నప్పుడు 96, 97 ఉండి, నాలుగడుగులు వేయగానే జారిపోవడం మామూలే.

అందుకని మీటరు నడక మొదలవ్వక ముందే వేలికి ఎక్కాలి, ఆపాక ఒక నిమిషం దాటేవరకు దిగకూడదు. రెండో సగం చాలామంది మరిచిపోతారు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గితే ఆ తగ్గుదల వేలి దాకా వచ్చి కనిపించడానికి సమయం పడుతుంది. పైగా మీటరు నాడి ఒక్కో కొట్టును కాకుండా కొన్ని సెకన్ల సగటును చూపిస్తుంది. కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామంలో ఈ ఆలస్యం మరీ స్పష్టం: ఒక నిమిషం లేచి కూర్చున్నాక, చాలామందిలో అతి తక్కువ అంకె కనిపించేది ఆపేసిన తర్వాతే. 'అమ్మయ్య, 92' అనుకుని క్లిప్పు తీసేస్తే ఆ తర్వాత వచ్చే 87ను చూడనే చూడరు.

ఇక ఇబ్బంది. నడుస్తూ చూడాలని మొదలుపెడితే ఈ మీటరు ఇంకో రకంగా ఏడిపిస్తుంది. ఉన్నట్టుండి 95 కాస్తా 82 అవుతుంది. మనిషికి ఏమీ కాలేదు, ఆయాసం పెరగలేదు, పెదాలు మామూలుగానే ఉన్నాయి. అంకె చూసి గుండె గుభేలుమంటుంది, భయానికి ఊపిరి వేగం పెరుగుతుంది, నడక ఆగిపోతుంది. మొదటి ఆరు నెలలు నా నడకలో సగం ఆపేసినవి ఈ తప్పుడు పతనాల వల్లే. కారణాలు ఒక్కొక్కటీ పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. చేతికర్ర లేదా వాకర్ పిడిని గట్టిగా పట్టుకున్న చేతికే క్లిప్పు ఉంటే వేళ్లలో రక్తం తగ్గుతుంది. చెయ్యి ఊపుతూ నడిస్తే క్లిప్పు కదిలి, ఆ కదలికనే మీటరు నాడి అనుకుంటుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వేళ్లు చల్లబడితే సంకేతం సన్నబడుతుంది. డాబా మీద ఎండ నేరుగా పడితే ఆ వెలుగు లోపలికి దూరుతుంది. స్ప్రింగు వదులైన పాత క్లిప్పు గోరు మీద సగమే కూర్చుంటుంది. ముదురు నెయిల్ పాలిష్, నల్ల మెహందీ సంగతి సరేసరి. పెళ్లిళ్ల రోజుల్లో ఆడవాళ్లు ఒక్క వేలికి అవి వేసుకోకుండా వదిలేసుకుంటే గొడవే ఉండదు.

వీటన్నిటికీ నాకు దొరికిన మందు తెర మీద ఉండే చిన్న గీత. ఈ మీటరును నేను వదలకపోవడానికి కారణం కూడా అదే. కొన్నిటిలో అది అలలా పాకుతుంది, కొన్నిటిలో నిలువుగా లేచి పడే పట్టీలా ఉంటుంది. అల ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో క్రమంగా వస్తుంటే పక్కనున్న అంకెను లెక్కలోకి తీసుకోవచ్చు. అల పిచ్చిగీతలా చెదిరినా, పట్టీ అడుగునే కొట్టుకుంటున్నా ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. నిలబడి, చెయ్యి గుండె ఎత్తులో ఛాతీకి ఆనించి, అల కుదురుకున్నాక మళ్లీ చూడాలి. ఇంకా అనుమానముంటే మణికట్టు నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మీటరు చూపే నాడికీ దానికీ పది కంటే ఎక్కువ తేడా ఉంటే ఆక్సిజన్ అంకెనూ నమ్మొద్దు. నిజంగా పడిన అంకె మెల్లగా పడుతుంది, 95, 93, 91 అంటూ. తప్పుడు అంకె ఒక్కసారిగా దూకుతుంది, అంతే వేగంగా వెనక్కొస్తుంది. ఒక్కటి మాత్రం మరవొద్దు: ఆయాసం, తలతిరుగుడు ఉంటే అల ఎలా ఉన్నా ఆగాల్సిందే.

క్లిప్పు పెట్టాల్సింది కర్ర పట్టుకోని చేతికి, మధ్యవేలికి గానీ ఉంగరపు వేలికి గానీ. వెనక ఒక చుట్టు కాగితపు ప్లాస్టర్ వేస్తే ఊగదు. వేళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి తుడుచుకుంటే సరిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నడక లెక్క కూడా చెప్పాలి, ఎంత వేగంతో నడిచారో తెలియకపోతే అంకెకు అర్థం లేదు. ముందు పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) చూడాలి. గత నెలలో గుండెపోటు వచ్చినవాళ్లు, కూర్చున్నప్పుడే నాడి 120 దాటినవాళ్లు, బీపీ 180/100 దాటినవాళ్లు డాక్టరు సరే అనేదాకా ఆగాలి. ఆసుపత్రిలో ఆరు నిమిషాల పరీక్షలో 300 మీటర్లు నడిచారనుకోండి, నిమిషానికి 50. అందులో 80 శాతం, అంటే నిమిషానికి 40 మీటర్లు, వ్యాయామానికి తగిన వేగం. 20 మీటర్ల అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఒకసారి వెళ్లి రావడానికి ఒక నిమిషం. అయితే ఆసుపత్రి కారిడార్ 30 మీటర్లు, మన దగ్గర మలుపులు ఎక్కువ. ప్రతి మలుపుకూ వేగం చచ్చి మళ్లీ పుంజుకోవాలి. మొదటి వారం నిమిషానికి 35 మీటర్లు చాలు.

మొదట రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం నిలబడి విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. విశ్రాంతిలో కూర్చోకుండా గోడకు ఆనుకుంటే మళ్లీ నడక అందుకోవడం తేలిక. రెండో వారం నుంచి నడక ముక్కను పెంచుతూ, విశ్రాంతిని తగ్గిస్తూ, మొత్తం 20, ఆ తర్వాత 30 నిమిషాలకు చేరాలి. వేగం పెంచడం ఆ తర్వాతే. ఎనిమిది వారాల లోపు ఫలితం లేదని వదిలేస్తే పొరపాటు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు, డాక్టరు చెప్పి ఉంటే, త్వరగా పనిచేసే పఫ్‌ను నడకకు పది పదిహేను నిమిషాల ముందు తీసుకోవాలి. పోపు ఘాటు, కట్టెల పొయ్యి పొగ, అగరువత్తులు ఉన్న చోట నడవకూడదు.

వారానికి రెండు మూడు రోజులు కుర్చీ వ్యాయామం కూడా. చేతులున్న కుర్చీని గోడకు ఆనించి పెట్టాలి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, కూర్చునేటప్పుడు తీసుకోవాలి. ఊపిరి బిగబట్టి లేస్తే తల తిరుగుతుంది. ఎనిమిదితో మొదలుపెట్టి పన్నెండు దాకా. చేతులకు లీటరు నీళ్ల సీసా చాలు, దాదాపు కిలో బరువు.

ఆగాల్సిన గీత ఏదంటే, సాధారణంగా 88 అంటారు. అంకె అక్కడికి దిగి, అల కుదురుగా ఉంటే ఆగి, ముందుకు వంగి, పెదాలు ఈల వేసినట్టు పెట్టి మెల్లగా ఊపిరి వదలాలి. సీఓపీడీలో, అంటే గాలి గొట్టాలు సన్నబడి ఊపిరి వదలడం కష్టమయ్యే జబ్బులో, ఇది బాగా పనికొస్తుంది. ఐఎల్‌డీ వాళ్లకు అంత పొడుగు ఊపిరి కుదరదు, బలవంతం చేస్తే ఆయాసమే ఎక్కువవుతుంది. మొదట కూర్చున్నప్పటి అంకెకు దగ్గరగా వచ్చాకే మళ్లీ అడుగు. వరసగా మూడు రోజులు అదే దూరంలో 88 కంటే కిందికి పడితే ఆ దూరం, నిమిషం, అంకె రాసి డాక్టరుకు చూపించాలి. ఆక్సిజన్ వాడుతున్నవాళ్లు ఫ్లోను సొంతంగా పెంచుకోకూడదు. సీఓపీడీ ఉన్న కొందరిలో ఎక్కువ ఆక్సిజన్ వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. భుజాన వేసుకునే కాన్‌సెంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) మీద ఉండే 2 అనే అంకె నిమిషానికి 2 లీటర్లు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

పైన తెర మీది అలను అంత మెచ్చుకున్నాను గానీ, మూడేళ్ల తర్వాత ఆ మెప్పును కొంచెం తగ్గించుకోవాల్సి వస్తోంది. అల శుభ్రంగా ఉంటే సంకేతం అందుతోందని అర్థం, అంకె నిజమని కాదు. ముదురు చర్మం మీద ఈ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, మీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తపరీక్షలో 88 కంటే తక్కువ తేలినవాళ్లు తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఉన్నారు. మన చర్మఛాయలకు దీన్ని తీసిపారేయలేం. నేను డాక్టరును అడిగి 90కే ఆగుతున్నాను. పొగ తాగినవాళ్ల, పొయ్యి పొగలో కూర్చున్నవాళ్ల రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా మీటరు ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. రక్తహీనతను అసలు చూడదు. హిమోగ్లోబిన్ 7 ఉన్నా తెర మీద 98 రావచ్చు, మెట్లెక్కితే మాత్రం దమ్ము అందదు.

అన్నిటికంటే, సీఓపీడీలో అంకెకూ ఆయాసానికీ చాలాసార్లు పొత్తు కుదరదు. నడుస్తుంటే వదలాల్సిన గాలి పూర్తిగా బయటికి పోక ఛాతీలో చిక్కుకుంటుంది, కొత్త గాలికి చోటుండదు. 95 దగ్గరే దమ్ము అందదు. పక్కనున్నవాళ్లు మీటరు చూసి 'బాగానే ఉంది కదా, నడువు' అంటారు. దయచేసి అలా అనకండి. అందుకే నా నోట్‌బుక్‌లో అంకె పక్కన ఇంకో గడి ఉంటుంది, ఆయాసానికి 0 నుంచి 10 దాకా మార్కులు. 3 అంటే మోస్తరు, 5 అంటే బాగా ఎక్కువ. 3, 4 మధ్య ఉండాలి, చిన్న వాక్యం చెప్పగలగాలి. ఛాతీలో నొప్పి, చల్లచెమట, తల తేలిపోవడం వస్తే తెర మీద 99 ఉన్నా నడక ఆ రోజుకు అయిపోయినట్టే.

మరి కొనాలా? నాది ఐఎల్‌డీ, నడకలో అంకె పడే రకం, చదునైన కారిడార్ ఉంది, మొదటి నెలలు వెనకే నడిచే మనిషి ఉన్నారు. ఈ పరిస్థితుల్లో ఇది లేకుండా నడక ఊహించుకోలేను. పరీక్షలో ఆక్సిజన్ ఏమాత్రం పడని సీఓపీడీ వాళ్లకు ఆయాసం మార్కులే ఎక్కువ పనికొస్తాయి, మీటరు వారానికి ఒకసారి చాలు. అంకె చూస్తేనే కంగారుపడి ఊపిరి ఎగబీల్చే స్వభావం ఉన్నవాళ్లయితే తెరను తమవైపు కాకుండా వెంట నడిచేవాళ్ల వైపు తిప్పుకోవడం మంచిది. కూర్చున్నప్పుడే 90 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఇంట్లో ఒంటరిగా మొదలుపెట్టొద్దు, ఫిజియో ఉన్న కేంద్రంలో కొన్ని వారాలు నడిచి, ఏ దూరంలో ఎంత పడుతుందో తెలుసుకున్నాకే ఇంటి కారిడార్.