మతి తప్పిన పెద్దలకు ఏది మేలు: వంతులా, ఇంటి అటెండెంటా, సంరక్షణ కేంద్రమా?

"మా అమ్మను ఇంట్లోనే ఉంచుకోవాలా, ఎక్కడైనా చేర్పించాలా?" డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) వచ్చిన పెద్దవారి కుటుంబాలు నర్సును అడిగే మొదటి ప్రశ్న ఇదే. దానికి జవాబు చెప్పే ముందు నేను ఎదురు అడిగేది ఒక్కటే: రాత్రి రెండు గంటలకు ఆమె లేచి తలుపు గడియ తీస్తుంటే, ఆ చప్పుడుకు ఎవరికి మెలకువ వస్తోంది? పగటిపూట ఏ ఏర్పాటైనా సజావుగానే కనిపిస్తుంది. ఇరుగుపొరుగు ఉంటారు, పనిమనిషి వస్తుంది, మందుల షాపు తెరిచి ఉంటుంది. ఏర్పాటు నిలబడేదీ, కూలిపోయేదీ రాత్రే. అందుకే ఇక్కడ మార్గాలను పోల్చేటప్పుడు ఖర్చును, లోకం అనుకునే మాటను రెండో వరుసకు జరిపి, రాత్రిని ముందు పెట్టాను.

పోలికకు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పెద్దవారి తీరు మారిందంటే అది డిమెన్షియాయే కానక్కర్లేదు. మొన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే తేదీ, చోటు మరిచిపోయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేతులు ఝాడిస్తుంటే అది డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, చివరికి నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం కూడా దానికి కారణం కావచ్చు. అలాంటివారిని ఎక్కడ ఉంచాలన్న చర్చ పెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డిప్రెషన్ తీరు వేరు. డిమెన్షియా ఉన్నవారు తరచుగా తమ మరుపును మాటలతో కప్పిపుచ్చుకుంటే, డిప్రెషన్‌లో ఉన్నవారు "నాకేమీ గుర్తుండటం లేదు, నన్నడక్కండి" అని మరుపును తామే ఎత్తి చూపుతారు. భార్య పోయిన ఏడాదిలోనే ఇలా మారిన పెద్దాయనను మతిమరుపు అనుకుని ఆశ్రమంలో చేర్పిస్తే, నయం కాగల జబ్బును చేతులారా ముదిరేలా చేసినట్టవుతుంది. విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు, మానసిక వైద్యుడి పరిశీలన పూర్తయ్యాకే కింది పోలికకు అర్థం ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారు మాత్రం తక్కువేమీ కాదు. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది.

ముందుగా వంతుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎవరూ ఎంచుకోకుండానే అమలయ్యే పద్ధతి అది. పెద్దకొడుకు దగ్గర మూడు నెలలు, చిన్నకొడుకు దగ్గర మూడు నెలలు, మధ్యలో పండక్కి కూతురింట్లో పది రోజులు. అన్నదమ్ముల మధ్య న్యాయంగా ఉండే ఈ లెక్క, మతి సరిగా ఉన్న తల్లికి కొంత మార్పునూ మనవల ముచ్చటనూ ఇస్తుందేమో గాని, డిమెన్షియా ఉన్న తల్లికి ఇంతకన్నా కీడు చేసే ఏర్పాటు నాకు తెలియదు. కొత్త సంగతులను గుర్తుపెట్టుకునే శక్తి ఈ జబ్బులో చాలామందికి మొదట పోతుంది. బాత్రూమ్ ఎటువైపు, లైటు స్విచ్చు ఏ ఎత్తులో ఉంది, గుమ్మం దగ్గర మెట్టు ఉందా లేదా అన్నవి ఆమె ఒంటికి అలవాటయ్యేసరికి వంతు అయిపోతుంది. చీకట్లో లేచి పాత ఇంటి లెక్కన ఎడమకు తిరిగి, అక్కడ గోడ తగిలి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆపరేషన్, దాని వెంట డెలీరియం, ఆ పైన మంచం. మందుల చీటీలు కూడా ఇల్లు మారిన ప్రతిసారీ ఒకటి తగ్గో, ఒకటి ఎక్కువయ్యో వెళ్తాయి. వంతులు తప్పనిసరి అయితే మనుషులు వంతులు పడాలి గాని అమ్మను తిప్పకూడదు. ఆమె ఒకే ఇంట్లో ఉంటే, కొడుకులూ కూతుళ్లూ వచ్చి రాత్రులు పంచుకోవచ్చు, రాలేనివారు డబ్బు పంచుకోవచ్చు.

ఒకే ఇంట్లో, సొంత మనుషుల చేతుల్లో ఉండటం జబ్బు తొలి దశలో అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. అలవాటైన వంటగది, పూజ గది, పాలవాడి గంట, వీధి మలుపు ఇవన్నీ ఆమె కోల్పోయిన జ్ఞాపకానికి ఊతకర్రలు. అయితే "సొంత మనుషులు" అంటే ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఒకే మనిషి, భార్యో కోడలో. వారానికి 168 గంటలు. అందులో ఉద్యోగం చేసే కొడుకు చూసుకునేది ఆదివారం సాయంత్రం రెండు గంటలు, అదీ సెల్‌ఫోన్ చేతిలో పట్టుకుని. ఆ ఒక్క మనిషి వరుసగా నెల రోజులపాటు రాత్రికి నాలుగు గంటలకు మించి నిద్రపోకపోతే, తరువాత మంచాన పడేది ఆమే. ఇంటి సంరక్షణ విఫలమైన చోట్ల నేను చూసిన కారణం ప్రేమ కరువవడం కాదు, నిద్ర కరువవడం.

అక్కడే అటెండెంట్ మాట వస్తుంది. నర్సింగ్ బ్యూరోకు ఫోన్ చేస్తే మరునాటికి ఒక మనిషి బ్యాగుతో గుమ్మంలో ఉంటుంది. ఆమెను అందరూ "నర్సమ్మ" అంటారు గాని, జీఎన్‌ఎం, ఏఎన్‌ఎం వంటి నర్సింగ్ కోర్సులు చదివినవారు అలా పంపినవారిలో తక్కువ. ఇది తప్పు కాదు, తెలిసి పెట్టుకుంటే చాలు. స్నానం, తిండి, డైపరు, నడిపించడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం వంటి పనులకు ఓపిక, శిక్షణ కావాలి గాని డిగ్రీ అక్కర్లేదు. ర్యాల్స్ ట్యూబ్ (ముక్కు ద్వారా ఆహారం పంపే గొట్టం), క్యాథెటర్ (మూత్రం గొట్టం), డాక్టరు చెప్పిన మోతాదులో ఇన్సులిన్ ఇవ్వడం, పడక పుండుకు డ్రెస్సింగ్ వంటివి మాత్రం చదువుకున్న నర్సు పని. మొదటిదానికి నర్సును పెట్టుకుంటే డబ్బు వృథా, రెండోదానికి అటెండెంట్‌ను పెట్టుకుంటే ప్రాణానికి ముప్పు.

మంచి అటెండెంట్‌కు, మామూలు అటెండెంట్‌కు తేడా ఎక్కడ ఉంటుందో స్నానాల గదిలో తెలుస్తుంది. నేను వారానికోసారి చూడటానికి వెళ్లే ఒక ఇంట్లో రిటైరైన టీచరమ్మ ఉండేవారు. మొదట వచ్చిన అమ్మాయి పనిమంతురాలే గాని, ఆమె చీర లాగగానే టీచరమ్మ కేకలు పెట్టి, గోళ్లతో రక్కేవారు. ఇంట్లోవాళ్లు "అత్తయ్యగారు మొండికేస్తున్నారు" అన్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒంటి మీది బట్ట లాగుతుంటే ఏ ఆడమనిషైనా అంతే చేస్తుంది, అందులో జబ్బు పాత్ర ఆ ముక్కూ మొహం గుర్తుండకపోవడం వరకే. రెండో ఆమె పెద్దగా చదువుకోలేదు. ఆమె ఒక తువ్వాలు భుజాల మీదుగా కప్పి, ఇత్తడి చెంబు టీచరమ్మ చేతికే ఇచ్చి, "నీళ్లు కాగాయేమో మీరే చూడండి అమ్మమ్మా" అనేది. టీచరమ్మ చెంబు ముంచి పాదాల మీద పోసుకునేవారు, తరువాత మోకాళ్ల మీద, ఆ తరువాత భుజాల మీద. వీపు రుద్దడానికి మాత్రం ఈమె చెయ్యి వేసేది. పావుగంట పట్టేది, కేక వినబడేది కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు "మా ఇంటికి పోతాను, మా నాన్న ఎదురుచూస్తుంటారు" అని టీచరమ్మ చెప్పులు వెతుక్కుంటే, "ఇదే మీ ఇల్లు" అని వాదించేది కాదు. "కాఫీ తాగి వెళ్దాం, మీ నాన్నగారు ఏం పనిచేసేవారు?" అని అడిగేది. ఆ కథ అయ్యేసరికి చెప్పుల ఊసు పోయేది.

ఈ రెండు సంఘటనల్లోనూ పనిచేసింది భాష. దూర రాష్ట్రాల నుంచి వచ్చి కష్టపడి పనిచేసే అమ్మాయిలు ఇప్పుడు నగరాల్లో ఎక్కువ. వారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, కాని తెలుగు రానివారు ఆ నాన్నగారి కథను రప్పించలేరు. "మా నాన్నకు హిందీ, ఇంగ్లీషు బాగా వచ్చు, ఎవరైనా పర్వాలేదు" అనే కొడుకులు ఉంటారు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలిన మాట నిజమే. అయితే అది జబ్బు రాకముందు దక్కే లాభం. జబ్బు ముదిరాక తరచుగా ముందు జారిపోయేది తరువాత నేర్చిన భాష, చివరిదాకా మిగిలేది అమ్మ దగ్గర నేర్చినది. విదేశాల్లో ఉండి, ఇక్కడి గదిలో కెమెరా పెట్టించి చూసుకునే పిల్లలు దీన్ని ముఖ్యంగా గమనించాలి. కెమెరాలో పని కనిపిస్తుంది, ఆ మనిషి ఏ భాషలో బుజ్జగిస్తోందో కనిపించదు. ఇంకొక మాట. "24 గంటల డ్యూటీ" అని బ్యూరో రాసిచ్చినంత మాత్రాన ఆ మనిషికి నిద్ర రాకుండా పోదు. రాత్రికి మూడుసార్లకు మించి లేచే రోగికి పగలొకరు, రాత్రొకరు ఉండి తీరాలి. ఒక్కరితో నెట్టుకొస్తే రాత్రిపూట అటెండెంట్ నిద్రపోతుంది, లేదా రోగికి అవసరం లేని నిద్రమాత్ర పడుతుంది.

డే కేర్ కేంద్రాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఉదయం దింపి సాయంత్రం తెచ్చుకునే ఈ పద్ధతి తొలి, మధ్య దశల్లో చాలా మంచిది. పగలు కదలిక ఉంటే రాత్రి నిద్ర పడుతుంది. అయితే చిన్న పట్టణాల్లో ఇవి దొరకడం అరుదు, పెద్ద నగరంలో దొరికినా గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చోబెట్టి తీసుకెళ్తే లాభం దారిలోనే హరించుకుపోతుంది. దగ్గరలో ఉంటే వెంటనే చేర్పించండి.

ఇక చేర్చుకుని ఉంచే కేంద్రాలు. ఇక్కడ మొదట వృద్ధాశ్రమానికీ, డిమెన్షియా సంరక్షణ కేంద్రానికీ తేడా తెలియాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున 150 మందికి సరిపడే ఆశ్రమాలు ఉండాలన్నది ఆదరణ లేని పేద వృద్ధుల కోసం, నర్సింగ్ కోసం కాదు. తమ పని తాము చేసుకోగలిగినవారినే చేర్చుకునే ఆశ్రమాలు చాలా ఉన్నాయి. అలాంటి చోట దారి తప్పి తిరిగే మనిషిని ఉంచితే గేటుకు తాళం, గదికి గడియ తప్ప వేరే చికిత్స ఉండదు. మరోవైపు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచించేటప్పుడు జ్ఞాపకశక్తిని, స్థల కాల స్పృహను కూడా చేర్చింది. ఆ చట్టంలోని 97వ సెక్షన్ ప్రకారం రోగిని కట్టి ఉంచడాన్ని శిక్షగా వాడకూడదు, సిబ్బంది చాలలేదన్న కారణంతో అసలే వాడకూడదు. కేంద్రం వారిని "ఈ చట్టం కింద రిజిస్టరు అయ్యారా, ఎవరినైనా కడతారా, కడితే ఎవరు రాసిస్తారు" అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. మత్తు మందులూ అంతే. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ (భ్రమలు, ఉద్రేకం తగ్గించే) మందులు వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అవి కొన్నిసార్లు అవసరమే గాని, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు తగ్గిస్తారు అన్నవి రాతలో ఉండాలి.

కేంద్రాన్ని చూడటానికి ఉదయం పదకొండు గంటలకు వెళ్లకండి. అప్పుడు అందరూ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, హాల్లో కూర్చుని ఉంటారు. సాయంత్రం ఏడింటికి వెళ్లండి. ఈ రోగుల్లో కంగారు పెరిగే వేళ అది, పగటి షిఫ్టు దిగి రాత్రి షిఫ్టు ఎక్కే వేళ కూడా అదే. అప్పుడు ఎంతమంది రోగులకు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. పడిపోయినవారి రిజిస్టరు, నెలనెలా తూచిన బరువుల పట్టిక చూపించమనండి.

ఖర్చు విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కేంద్రం ఫీజును అటెండెంట్ జీతంతో పోల్చి "ఇల్లే చవక" అంటారు. ఇంటి లెక్కలో రోజుకు మూడు నాలుగు చొప్పున నెలకు వంద దాకా పట్టే డైపర్లు, రెండో అటెండెంట్ జీతం, వారి భోజనం, మానేసిన కోడలి ఉద్యోగం కలపరు. 70 ఏళ్లు దాటినవారందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరినప్పటి వైద్యానికే గాని అటెండెంట్ జీతానికి పనికిరాదు.

అన్నీ తూచితే నేను మొగ్గేది ఇలా. తొలి దశలో ఒకే ఇల్లు, దొరికితే డే కేర్. మధ్య దశలో తెలుగు వచ్చిన అటెండెంట్, రాత్రికి వేరే మనిషి, నెలకోసారి వచ్చి చూసే నర్సు. లేపడానికి ఇద్దరు కావలసి వచ్చినప్పుడు, ఇంట్లో ఉన్న ఒక్క మనిషీ వృద్ధురాలే అయినప్పుడు, కొట్టడం, వీధిలోకి వెళ్లిపోవడం వారానికి ఒకటి రెండుసార్లు జరుగుతున్నప్పుడు కేంద్రమే మేలు. అది ఓటమి అనీ, కన్నవాళ్లను వదిలించుకోవడం అనీ అనేవారిని ఒక్క వారం రాత్రి కాపలాకు పిలవవచ్చు.

టీచరమ్మను కూడా చివరికి కేంద్రంలోనే చేర్చారు. ఆమెను చూసుకునే భర్తకు 82 ఏళ్లు, గుండెకు స్టెంట్లు. చేర్చే ముందు ఆ కుటుంబం రెండు వారాలు ఆగింది, కారణం గది. ఇంట్లో ఆమె మంచానికి బాత్రూమ్ ఎడమవైపు ఉండేది, ఖాళీగా చూపించిన గదిలో కుడివైపు ఉంది. ఎడమవైపు ఉన్న గది ఖాళీ అయ్యాక మంచం, పాత బొంత, ఇత్తడి చెంబు పట్టుకెళ్లి, బాత్రూమ్ తలుపుకు లోపలి లైటు రాత్రంతా వెలిగేలా చెప్పి వచ్చారు.